చెన్నై ఉంటుందా తాతా?

ప్రశ్న: మాది పెరంబూరు. మా నాన్నగారు నెల్లూరు జిల్లా నుంచి ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో ఉద్యోగానికి వచ్చారు. నేనూ అక్కడే చేసి రిటైరయ్యాను. వయసు అరవై ఏడు. మనవడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. రాత్రి భోజనాల దగ్గర నేను టీవీలో వార్తలు పెడతాను, వాడు పక్కనే కూర్చుని తింటాడు. యుద్ధాలు, ఎండలు, వరదలు, ఇవే కదా వచ్చేవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. అప్పట్నుంచి వాన గట్టిగా పడితే వాడికి నిద్ర పట్టదు. మొన్న ఉన్నట్టుండి "తాతా, నేను నీ అంత అయ్యేసరికి చెన్నై ఉంటుందా? అసలు లోకం ఉంటుందా?" అని అడిగాడు. "ఉంటుందిలేరా, తిను" అన్నాను. వాడు నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు. పిల్లాడికి ధైర్యం చెప్పాలంటే అబద్ధం ఆడక తప్పదా? ఇంకో సంగతి, మా కోడలు ఇంట్లో అసలు వార్తలే పెట్టొద్దంటోంది. ఆమె మాట వినాలా?
(పేరు వద్దు, పెరంబూరు)

జవాబు: అబద్ధం అక్కర్లేదండీ. ఆ వయసు పిల్లలు అబద్ధాన్ని ఇట్టే పసిగడతారు. మీరు "తిను" అన్నప్పుడే వాడికి సంగతి అర్థమైపోయి ఉంటుంది. అయితే వాడికి చెప్పదగ్గ నిజాలు మీ దగ్గర చాలానే ఉన్నాయి. అవి టీవీలో రావు కాబట్టి మీకు తట్టడం లేదంతే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. అంతా మన మంచికే అని మీ వీపు తట్టి పంపించే ఉద్దేశం నాకు లేదు. గ్రాఫులు తెచ్చి ముఖాన పెట్టి, లోకం ఎంత బాగుపడిందో చూడు, ఇంకా ఎందుకు ఏడుపు అని దబాయించేవాళ్లంటే నాకు పడదు. మీ ఇంట్లోకి నీళ్లొచ్చిన మాట నిజం. ఇప్పటిదాకా కొలిచిన ఏడాదుల్లోకెల్లా 2024 ఎక్కువ వేడిగా గడిచిందన్నదీ నిజమే. వాటిని పక్కకు తోసేసి ధైర్యం చెబితే అది వాడికి ఒంటబట్టదు.

మీకు 1974 మే నెల గుర్తుండాలి. ఐసీఎఫ్ ఇల్లు కదా, రైల్వే సమ్మె మర్చిపోయే సంగతి కాదు. మే 8న మొదలైంది, వేల మందిని జైళ్లలో పెట్టారు, మే 27న విరమించారు. ఆ మధ్యలో, మే 18న, పోఖ్రాన్‌లో అణుపరీక్ష. అంతకుముందు ఏడాది చివర్నుంచే పెట్రోలు ధరలు మండిపోతున్నాయి. అదే మే నెలలో బిహార్‌లో పెద్దమ్మవారు, అంటే మశూచి, విరుచుకుపడింది. ఒక్క వారంలోనే ఎనిమిది వేలకు పైగా కొత్త కేసులు. ఆ నెల పేపర్లు చదివిన పదిహేనేళ్ల కుర్రాడెవరైనా ఈ దేశం పని అయిపోయిందనే అనుకుని ఉంటాడు. బహుశా మీరూ అనుకునే ఉంటారు.

ఏడాది తిరిగింది. 1975 మే తర్వాత ఈ దేశంలో ఎవరికీ పెద్దమ్మవారు పోయలేదు.

ఎలా పోయిందో మనవడికి వివరంగా చెప్పండి, పిల్లలకు ఇలాంటి వివరాలే నచ్చుతాయి. ఆరోగ్య సిబ్బంది ఊరూరా, ఇంటింటికీ తిరిగారు. చేతిలో ఒక కార్డు, దాని మీద ఒళ్లంతా పొక్కులున్న పసిబిడ్డ ఫొటో. "ఇలా ఉన్నవాళ్లెవరైనా మీ ఊళ్లో ఉన్నారా?" అని గుమ్మాల దగ్గర, సంతల్లో, బళ్లలో ఆ కార్డు చూపించి అడిగారు. ఉన్నారని తెలిస్తే ఆ ఇంటి ముందు కాపలా పెట్టి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరికీ రెండు మొనల సూదితో టీకాలు వేశారు. జబ్బు ఉన్న సంగతి చెప్పినవాళ్లకు బహుమతి కూడా ఇచ్చేవారు. మొదట్లో యాభై రూపాయలు, కేసులు తగ్గేకొద్దీ పెంచుతూ పోయి చివరికి వెయ్యి. 1975లో వెయ్యి రూపాయలంటే ఎంతో మీ నాన్నగారి జీతం తెలిసిన మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రపంచం మొత్తం మీద ఈ కార్యక్రమం నడిపిన డాక్టర్ హెండర్సన్ అమెరికావాడు. టీకా మందు కోట్ల డోసులు ఉచితంగా ఇచ్చింది సోవియట్ యూనియన్. ఆ రోజుల్లో ఆ రెండు దేశాలూ ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్నాయి. అలా కూర్చునే ఈ పనీ చేశాయి. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు భూమ్మీద లేదని ప్రకటించింది. ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే దాదాపు 30 కోట్ల మందిని మింగిన జబ్బు అది.

మీ చేతి మీది టీకా మచ్చ వాడికి చూపించండి. ఆ మందు దశాబ్దాల పాటు మన గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ తయారైంది. వాడి చేతి మీద ఆ మచ్చ ఉండదు. ఉంటే గింటే క్షయ టీకాది ఉంటుంది, అది వేరే.

నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. కాలం బాగుపడ్డాక తీరిగ్గా చేసిన పని కాదది. సమ్మెలు, కరువు, ఎమర్జెన్సీ, అణుబాంబుల భయం, అన్నీ ఉండగానే కొందరు కార్డు పట్టుకుని గుమ్మాలెక్కారు. మీ మనవడు చూస్తున్న ఈ కాలంలోనూ అలాంటివాళ్లు ఎక్కడో గుమ్మాలెక్కుతూనే ఉన్నారు. కెమెరా అటు తిరగదు, ఎందుకంటే రాకుండా పోయిన జబ్బుకు బ్రేకింగ్ న్యూస్ వేయడం కుదరదు.

క్షయ అన్నాను కాబట్టి మన ఊరి సంగతే ఒకటి. లోకల్ రైల్లో తాంబరానికి ఒక స్టేషన్ ముందు "తాంబరం శానటోరియం" వస్తుంది కదా. 1928లో డాక్టర్ చౌరి ముత్తు అక్కడ పెట్టిన క్షయ ఆస్పత్రి వల్ల వచ్చిన పేరు. మన తెలుగువాళ్లకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉండేది. 1950ల దాకా క్షయకు వైద్యం అంటే అదే. ఊరికి దూరంగా, చెట్ల మధ్య, నెలల తరబడి మంచం మీద ఉండాలి. మంచి గాలి, పాలు, గుడ్లు. రోగులు లక్షల్లో ఉంటే మంచాలు వేలల్లో ఉండేవి. రోజు కూలి మీద బతికేవాడు సంసారాన్ని వదిలేసి ఏడాది పాటు మంచమెక్కితే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

1956లో మద్రాసు చెట్‌పట్‌లో ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. ఇప్పుడది జాతీయ క్షయ పరిశోధన సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టాయి. నగరంలోని పేద రోగుల్ని దాదాపు రెండు వందల మందిని తీసుకుని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియానికి వెళ్లింది. ఇంకో గుంపు ఇంట్లోనే, అంటే చాలామంది విషయంలో ఇరుకు గదిలో, ఉండి అవే మందులు మింగింది. ఏడాది తర్వాత చూస్తే నయమైనవాళ్ల లెక్కలో పెద్ద తేడా లేదు. శానటోరియంవాళ్లు మంచి తిండి తిని ఒళ్లు చేశారు. ఇంట్లోవాళ్లకు ఆ తిండీ లేదు, ఆ విశ్రాంతీ లేదు, అయినా కోలుకున్నారు. రోగి ఇంట్లో ఉంటే ఇంటిల్లిపాదికీ ఎక్కువగా అంటుకుంటుందన్న భయం కూడా లెక్కలు తీస్తే నిలబడలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. డబ్బున్న దేశాల్లో సైతం రోగుల్ని శానటోరియం మంచాల మీంచి లేపి ఇంటికి పంపించడానికి అవి పెద్ద కారణమయ్యాయి. మద్రాసు పేదల ఇళ్లలో తేలిన సంగతి అది. మీరు ఇన్నేళ్లుగా ఆ స్టేషన్ మీదుగా వెళ్తూనే ఉన్నారు.

మరి క్షయ పోయిందా? లేదు. 2023లో పన్నెండున్నర లక్షల మంది దానివల్ల చనిపోయారు. కొత్తగా జబ్బుపడ్డవాళ్లలో నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. నయం చేసే మందు చేతిలో ఉండగా ఇది జరుగుతోంది. ఈ మాట కూడా పిల్లాడికి దాచకండి.

ఇక వాన సంగతి. వాడి అసలు భయం అదే అని నాకనిపిస్తోంది, యుద్ధం భయం దాని తర్వాతే.

1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. ఆంధ్రాలో బంధువులున్న ఏ ఇంట్లోనైనా ఆ మాట వినే ఉంటారు. తాటిచెట్టంత కెరటం వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పదివేల మందికి పైగా పోయారు. ఉప్పెన వస్తోందని చాలా ఊళ్లకు తెలియనే తెలియదు. తెలిసినా, ఎక్కడికి పరిగెత్తాలి? గట్టి మేడ ఒక్కటైనా ఉంటే కదా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో నేరుగా విశాఖపట్నం మీదే పడింది. చెట్లు, కరెంటు స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు, ఏవీ మిగల్లేదు. ఆంధ్రాలో చనిపోయినవాళ్లు మాత్రం వందలోపు. ఆ వందలోపు ఇళ్లకు అది తక్కువేం కాదు. కానీ పదివేలెక్కడ, ఇదెక్కడ.

ఈ రెంటి మధ్యకాలంలో జరిగినదంతా చిన్నా చితకా పనే. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఎగిరి ఆకాశం నుంచి మేఘాల ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. 2002లో మన చెన్నై పోర్టులో వాన మేఘాల కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్ పెట్టారు. తుఫాను అనగానే కలెక్టర్లు ఊళ్లు ఖాళీ చేయించడం రివాజయింది. మిచాంగ్‌కు ముందు స్కూళ్లకు సెలవులిచ్చారు, రైళ్లు రద్దు చేశారు, మీ ఫోన్ మెసేజీలతో మోగిపోయి ఉంటుంది. 1977లో దివిసీమవాళ్లకు ఆ హెచ్చరికల్లో నాలుగో వంతు అందినా ఎంతమంది బతికేవారో.

మరి ఇంట్లోకి నీళ్లెందుకొచ్చాయంటాడు వాడు. అడగాలి కూడా. తుఫానును ముందే కనిపెట్టడం నేర్చుకున్నాం, నీళ్లకు దారి వదలడం ఇంకా నేర్చుకోలేదు. దక్షిణాన పల్లికరణై చిత్తడి నేలను చెత్తతో, రోడ్లతో, ఆఫీసులతో పూడ్చుకుంటూ వచ్చి, చివరికి మిగిలిన 1,247 హెక్టార్లకు 2022లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు తెచ్చుకున్నాం. మీ వైపు ఒట్టేరి నాలా ఎలా ఉందో మీకే తెలుసు. సముద్రం పెరగడం, వానలు ముదరడం మన ఒక్క ఊరి చేతిలో లేవు. కాలువ పూడిక మాత్రం దేవుడి చేతిలో లేదు, కార్పొరేషన్ చేతిలో ఉంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ భయపెట్టే సంగతో మీరే చెప్పండి.

ఎండల విషయంలో రెండు ముక్కలు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొరకు చిల్లు పడిందని తెలిసింది. రెండేళ్లకే మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు, తర్వాత ప్రపంచంలోని అన్ని దేశాలూ అందులో చేరాయి. ఫ్రిజ్‌లలో, ఏసీల్లో గ్యాస్ మారింది, పొర మెల్లగా పూడుతోంది. వేడి పెంచుతున్న బొగ్గు మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు, దాని మీద బతికే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అయినా 2014లో మన దేశంలో సోలార్ విద్యుత్ మూడు గిగావాట్లు కూడా లేదు, 2025 జనవరికి వంద దాటింది. ఇది చాలదు. మొదలంటూ అయింది.

యుద్ధాల గురించి మాత్రం తీపి మాటలు చెప్పలేను. ఒక్క సంగతి చెబుతాను, అది కూడా యుద్ధంలోదే. నారికురుపు అనే పేరు మీ అమ్మగారి నోట విని ఉంటారు. దిగుడు బావిలో నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాల్లోంచి దారంలా పురుగు బయటికొచ్చేది, మూర పొడవు, ఒక్కోసారి అంతకు రెండింతలు. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. తెగిందా, కాలంతా చీము పట్టేది. వారాల తరబడి మనిషి పొలానికి పోలేడు. దీనికి మందూ లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టుకోవడం, పురుగున్న కాలుతో బావిలో దిగకపోవడం, దిగుడు బావుల బదులు బోరింగులు వేయించడం, ఇంతే. 1996 తర్వాత మన దేశంలో ఒక్క కేసూ లేదు. ఆఫ్రికాలో మిగిలింది. 1995లో సూడాన్‌లో అంతర్యుద్ధం జోరుగా సాగుతున్నప్పుడు అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ రెండు వైపులవాళ్లనీ ఒప్పించి దాదాపు ఆరు నెలలు కాల్పులు ఆపించాడు. ఎందుకయ్యా అంటే ఊళ్లలో వడపోత గుడ్డలు పంచడానికి. యుద్ధం మళ్లీ మొదలైంది, గుడ్డలు మాత్రం ఇళ్లలో ఉండిపోయాయి. 1986లో ఏడాదికి 35 లక్షల మందిని పట్టిన పురుగు, 2024లో ప్రపంచం మొత్తం మీద 15 మందికి వచ్చింది. 35 లక్షల తర్వాత 15. నేను సున్నాలు మర్చిపోలేదు.

మీరు టీవీలో చూస్తున్న గాజాలోనే, 2024 సెప్టెంబరులో పోలియో చుక్కల కోసం ప్రాంతాలవారీగా కొన్ని గంటలు బాంబులాపారు. ఐదున్నర లక్షలకు పైగా పిల్లలకు చుక్కలు వేశారు. బాంబులు మళ్లీ పడ్డాయి. ఆ పిల్లల్లో ఎందరు ఆ బాంబులకు పోయారో తలుచుకుంటే ఇది సంతోషించే వార్త అని ఎలా అంటాం? కానీ అలాంటి చోట కూడా ఐస్ బాక్సు భుజాన వేసుకుని బయల్దేరినవాళ్లున్నారని మీ మనవడికి తెలియడం మంచిది.

ఇలాంటివన్నీ కలిస్తే ఏమైంది? 1990లో ప్రపంచంలో ఐదేళ్లు నిండకుండానే పోయిన పిల్లలు కోటీ 28 లక్షలు. 2022లో 49 లక్షలు. ఈ అంకె ఇలాగే తగ్గుతూ పోతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2025లో అమెరికా విదేశాలకిచ్చే సాయాన్ని భారీగా కోసేసింది. ఆ డబ్బుతో నడిచే క్లినిక్‌లు ఎన్నో పేద దేశాల్లో ఉన్నాయి. పని ఆపితే అంకె మళ్లీ పైకి పోతుంది.

కాబట్టి వాడు మళ్లీ అడిగితే ఇలా చెప్పి చూడండి: "చెన్నై ఉంటుందిరా. ఎలా ఉంటుందో నాకు తెలీదు. కొన్ని వీధులు ఇప్పటికంటే ఎక్కువగా మునగొచ్చు, ఎండ ఇంకా ముదరొచ్చు. నా చిన్నప్పుడు కూడా పెద్దవాళ్లు ఇలాగే భయపడ్డారు. వాళ్లు భయపడ్డవాటిలో కొన్ని జరిగాయి, కొన్నిటిని జరగకుండా ఆపారు. ఎలా ఆపారో నీకు చెబుతాను, కూర్చో." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, మీ గొంతు తడబడదు.

మీ కోడలి సంగతి. ఆమె మాట సగం వినండి. రాత్రి భోజనాల దగ్గర టీవీ ఆపేయడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. కూలిన అదే మేడను గంటలో ఇరవైసార్లు చూపిస్తే పిల్లాడి లెక్కలో ఇరవై మేడలు కూలినట్టే. వార్తలే వద్దంటే మటుకు కుదరదు. ఇంట్లో మానేస్తే వాడు ఫోన్‌లో చూస్తాడు, అక్కడ మీరు పక్కన ఉండరు. పొద్దున్నే పేపర్లో ఒక వార్త ఇద్దరూ కలిసి చదవండి. చదివాక "దీని మీద ఎవరైనా పని చేస్తున్నారా?" అని వాడినే వెతకమనండి. దొరకని రోజులూ ఉంటాయి, ఫర్వాలేదు.

వాన రాత్రుల టెన్షన్‌కు కబుర్లకంటే పని ఎక్కువ సాయం చేస్తుంది. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో చెన్నై రాడార్ బొమ్మ వస్తుంది, అది చదవడం వాడికి నేర్పండి. ఇంట్లో వాన డ్యూటీ వాడికే అప్పగించండి. సర్టిఫికెట్లు, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద పెట్టడం, టార్చి చార్జింగు, మీ బీపీ మాత్రలు, అన్నీ వాడే చూసుకోవాలి. అప్పటికీ వారాల తరబడి నిద్ర పట్టక, తిండి తగ్గి, బడికి వెళ్లనంటుంటే మీ పిల్లల డాక్టరుకు చూపించండి. టెలి మానస్ అని కేంద్రప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఫోన్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

చివరగా ఒకటి. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి ఒక విద్యార్థి బృందం ఆ సీజన్‌లో రాత్రిళ్లు నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఇసుకలో నడుస్తూ గుడ్లు ఏరి హేచరీకి చేరుస్తోంది. 2025 జనవరిలో వందల తాబేళ్లు చచ్చి చెన్నై ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మీరూ పేపర్లో చూసే ఉంటారు. ఆ ఏడాదీ గుడ్లు ఏరారు. వారాంతాల్లో మామూలు జనాన్ని కూడా వెంట తీసుకెళ్తారు. ఈసారి సీజన్ మొదలయ్యాక వాడిని తీసుకెళ్లండి. తెల్లవారుజాము దాకా ఇసుకలో కిలోమీటర్లు నడవాలి. వాడికేం, హాయిగా నడుస్తాడు. మీ మోకాళ్ల సంగతి మీరు చూసుకోండి, లేదంటే వార్తలొద్దన్న కోడలినే తోడు పంపండి.